వాన కొలుచువాని ధర్మము

ధనుర్మాసపు తొలిదినములలో, వరికోతలు ముగిసియు ముగియని పొలముల మీదికి బంగాళాఖాతము నుండి ముసురు క్రమ్మివచ్చి, పగటికిని రేయికిని భేదము తెలియనంతగా చలివాన పట్టినప్పుడు, దానిని రైతు నష్టమని చూచును, భక్తుడు దైవలీల యనియో దైవాగ్రహమనియో చూచును, వాతావరణ శాఖలోని ఉద్యోగి తన కొలువులో నొక భాగమని చూచును. వీరెవ్వరును గాక, జీతమును అధికారమును లేకయే, పెరటిలో నొక వర్షమాపకమును, నీడపట్టున నొక ఉష్ణమాపకమును నిలుపుకొని, ఉపగ్రహచిత్రములను వాయుపీడన పటములను అర్ధరాత్రి వఱకు పరిశీలించుచు, ఆ ముసురు ఎచట పుట్టినదో, ఎటు కదలుచున్నదో, ఎప్పటికి విడుచునో లెక్కగట్టి ఇరుగుపొరుగులకు తెలుపుచుండువాడు మఱియొకడు నేడు మన పట్టణములలోను పల్లెలలోను తఱచుగా కనబడుచున్నాడు. అల్పపీడనము వాయుగుండమైనదన్న వార్త విన్నప్పుడు ఇతని కన్నులు మెఱయును. వాయుగుండము తుపాను అయిన రాత్రి ఇతడు నిద్రపోడు. ఆ జాగరణమునకు భయముకంటె ఉత్సాహమే ఎక్కువ కారణమని ఇతనిని ఎఱిగినవారందఱికిని తెలియును. కావున ఇచట నొక ధర్మసందేహము పుట్టుచున్నది: ఒకని పంట నీటిపాలగుచుండగా ఆ నీటిని కొలుచుటలో సంతోషము పొందువాని సంతోషము నిర్దోషమగునా?

ఇట్టివారు మనలో నిన్న మొన్న పుట్టినవారు కారు. భారత వాతావరణ శాఖ 1875లో ఏర్పడుటకు ముప్పదియైదేండ్లకు ముందే, 1840లో, విశాఖపట్టణమున గోడే వెంకట జగ్గారావు అను జమీందారు, మద్రాసు నక్షత్రశాలలో టి. జి. టేలరు నొద్ద ఖగోళవిద్య నభ్యసించి వచ్చి, స్వంత ధనముతో నొక వేధశాలను నెలకొల్పెను. 1856లో ఆయన గతించిన పిమ్మట ఆయన అల్లుడు అంకితం వెంకట నరసింగరావు దాని భారమును వహించి, 1892లో తాను కన్నుమూయు వఱకు గ్రహణములను గ్రహసంచారములను మాత్రమే గాక వాతావరణమును కూడ పరిశీలింపజేయుచు వచ్చెను. ఎవ్వరును అడుగని పనిని, ఎవ్వరును కూలి యీయని పనిని, ఒక కుటుంబము అర్ధశతాబ్దము పాటు నడపుటకు కేవల కౌతుకము చాలదు. దానిలో వ్రతమువంటి నియమమేదో ఉండి తీరవలెను.

ఆ నియమమునకు మన వాఙ్మయమున ఇంకను ప్రాచీనమైన మూలములు కలవు. కౌటిల్యుని అర్థశాస్త్రము కోష్ఠాగారమునందు అరత్ని (మూరెడు) ప్రమాణము గల నోటితో నొక కుండమును వర్షమానముగా నిలుపవలెనని విధించినది. వ్యవసాయమును చూచు సీతాధ్యక్షుని అధ్యాయమున అశ్మకమునకు ఇంత, అవంతికి ఇంత యని దేశభేదమును బట్టి వానల పరిమాణములను పేర్కొన్నది. ఆ అశ్మకమునకు నేటి తెలంగాణములోని బోధను రాజధాని యని పలువురు చరిత్రకారులు తలంతురు గావున, మన నేలమీది వానను ద్రోణమను కొలమానముతో కొలిచి చెప్పిన మాట అంత పాతదన్నమాట. ఆఱవ శతాబ్దపు వరాహమిహిరుడు బృహత్సంహితలో మఱియు ముందునకు పోయి, చలికాలపు ఆకాశమునకే విశేష ప్రాధాన్యమిచ్చెను. మార్గశిర శుక్లపక్షము మొదలుకొని మేఘములు గర్భము ధరించుననియు, ఆ గర్భము 195 దినములకు వర్షముగా ప్రసవమగుననియు, గర్భకాలమున అకారణముగా అతివృష్టి కలిగెనేని అది గర్భస్రావమువంటిదై రాబోవు వానలకు హాని చేయుననియు ఆయన మతము. ఆ లక్షణములను రేయింబవళ్లు ఏమరుపాటు లేక కనిపెట్టుచుండు దైవజ్ఞుని మాట నీటి విషయమున మునివాక్యమువలె తప్పిపోదని కూడ ఆయన చెప్పెను.

గర్భధారణ సిద్ధాంతము నేటి భౌతికశాస్త్రము ముందు నిలువదు. మార్గశిరపు మబ్బునకును ఆషాఢపు వానకును 195 దినముల లంకె ఏదియు లేదు. అయినను ఆచార్యుడు దైవజ్ఞుని వాక్కునకు ప్రామాణ్యమును దేనియందు నిలిపెనో గమనింపదగును. వంశము వలన గాని, మంత్రసిద్ధి వలన గాని, ఉపాసనాబలము వలన గాని అతని మాట నిజమగునని ఆయన అనలేదు. అవహితమైన చిత్తముతో పగలును రాత్రియును చూచుట వలన నిజమగునని అన్నాడు. సిద్ధాంతము కాలముతో పోయినది. చూపునకు విధించిన ఆ నియమము మాత్రము, జ్యోతిషమును ఒప్పుకొనువానికిని ఒప్పుకొననివానికిని సమానముగా చెల్లునట్టిది గావున, ఇప్పటికిని నిలిచియున్నది. వాన దేవుని సొత్తు, దానిని ముందుగా చెప్పబూనుట మనుష్యునికి అహంకారమని కొందఱు ఆక్షేపించుట కలదు. వారికి వరాహమిహిరుడే సమాధానము. ఆయన సూర్యోపాసకుడై యుండియు, వర్షమును లెక్కించుటలో ఉపాస్యదైవమునకు అపచారమేమియు కలదని తలపలేదు.

ఇక మొదటి సందేహమునకు వత్తము. 2018 డిసెంబరు 17వ తేదీన పెథాయ్ తుపాను నాటి తూర్పుగోదావరి జిల్లాలోని కాట్రేనికోన దాపున తీరము దాటెను. తీరము చేరునప్పటికే దాని గాలుల ఉద్ధృతి కొంత తగ్గినది. కాని దాని వెంట వచ్చిన చలివాన మాత్రము కోస్తాను, తెలంగాణమును వణకించినది. డిసెంబరు మధ్యాహ్నములలో 28 డిగ్రీల దాపున నుండవలసిన కోస్తా వెచ్చదనము మబ్బుల చాటున మాయమైనది. కోసి పొలములో పఱచిన పనలు నీట నానినవి. చలికి తాళలేక వృద్ధులు మరణించినారనియు, తెలంగాణపు పల్లెలలో గొఱ్ఱెల మందలు కొయ్యబాఱి చచ్చినవనియు వార్తలు వచ్చినవి. ఆ దినములలో ఔత్సాహికులైన వాతావరణ పరిశీలకులు ఎంత మెలకువగా నుండిరో, ఒక్కొక్క గంటకు మేఘపుంజము ఎచటికి చేరినదో ఎట్లు చెప్పుచుండిరో చూచినవారికి, వారి శ్రద్ధయెడ గౌరవమును, వారి ఉల్లాసమును చూచి కొంత జంకును, ఏకకాలమున కలుగక మానవు.

ఈ ఉల్లాసమును రెండుగా విడదీసి చూడవలెను. అరుదైన వ్యాధిని నాడిలో గుర్తుపట్టిన వైద్యునకు లోపల నొక తృప్తి కలుగును. అది తన విద్య ఫలించినదన్న తృప్తియే గాని రోగి బాధను చూచి కలిగిన తృప్తి కాదు గనుక మనము దానిని తప్పుపట్టము. వాతావరణ పరిశీలకుని సంతోషములో అధికభాగము ఇట్టిదే: వేల మైళ్ల విస్తీర్ణము గల గాలుల కదలికలో నొక క్రమమున్నదనియు, ఆ క్రమము తన బుద్ధికి అందుచున్నదనియు తెలిసినప్పుడు కలుగునది. జగత్తునందలి ఋతమును కనుగొని ఆనందించుట మన ఋషులకును పరిచితమైనదే. కాని ఆ సంతోషపు అంచున మఱియొకటి నక్కియుండును. ఈ వాయుగుండము ఇంకొంచెము బలపడిన బాగుండును, ఈ రాత్రి వాన రికార్డు దాటిన బాగుండును, పగటి వేడిమి ఇంకొక రెండు డిగ్రీలు పడిపోయిన చూడముచ్చటగా నుండును అను కోరిక అది. రోగము ముదిరిన బాగుండునని కోరు వైద్యుని మనము క్షమింపము.

ఆ కోరికకు తుపానును పెంచు శక్తి లేదు గదా, శక్తి లేని కోరికలో దోషమేమని ఎవరైన నడుగవచ్చును. మన శాస్త్రములు కాయికమును వాచికమును మాత్రమే గాక మానసికమును కూడ కర్మగానే ఎంచినవి. అయితే ఇక్కడ శాస్త్రప్రమాణముతో పని లేకుండగనే దోషము కంటికి కనబడుచున్నది. ఆ కోరిక మేఘమును కదలింపలేకపోవచ్చును గాని, చూచువాని కంటిని కదలింపగలదు.

వర్షమాపకము మిక్కిలి సామాన్యమైన వస్తువు. దాని అంచు నేలనుండి 30 సెంటీమీటర్ల ఎత్తున నుండవలెను. చుట్టునున్న గోడ గాని చెట్టు గాని ఎంత ఎత్తో, కనీసము దానికి రెండింతల దూరమున దానిని పాతవలెను. ప్రతిదినము ఉదయము 8:30 గంటలకు అందులోని నీటిని కొలపాత్రలో పోసి, కన్ను నీటిమట్టమునకు సమముగా నుంచి చూచి, ఆ తేదీకి ఎదురుగా వ్రాసి, నీటిని పాఱబోయవలెను. ఇంతలో యోగమేమున్నదని తోచును. కాని 64.5 మిల్లీమీటర్లు మొదలు భారీ వర్షమనియు, 115.6 మొదలు అతిభారీ వర్షమనియు ప్రభుత్వ వర్గీకరణము. రాత్రియంతయు మేలుకొని ఎదురుచూచినవాని పాత్రలో ప్రొద్దున 114 వచ్చినదనుకొందము. పైగా ఈదురుగాలిలో వాన ఏటవాలుగా కొట్టునప్పుడు మాపకము పట్టవలసినంత నీటిని పట్టదని అతనికి తెలియును. తన ఊరిలో నిజముగా కురిసినది 114 కంటె ఎక్కువయే యని అతనికి నమ్మకము. మరి రెండు చుక్కలు కలిపి 116 అని వ్రాసినచో సత్యమునకు దగ్గఱ పడినట్లే గదా అని మనస్సు వాదించును. తక్కువ పట్టినదని తెలిసియు పట్టినంతయే వ్రాయుట ఆ ఉదయమున అతడు చేయవలసిన తపస్సు. తన అనుమానమును వేఱొకచోట, తన అనుమానముగానే, వ్రాసికొనుటకు అతనికి స్వేచ్ఛ కలదు. అంకెలో దానిని కలుపుటకు లేదు.

ఉల్లాసము ఒక్కటియే ఇట్లు చూపును వంచుననుకొనిన పొరపాటు. కరుణయు వంచును. ఈ సంగతి అంత సులభముగా స్ఫురింపదు, ఏలనన కరుణను మనము గుణముగా తప్ప ఎన్నడును దోషముగా ఊహింపము. కోనసీమలోనో కృష్ణాడెల్టాలోనో ఒక కౌలురైతు, “ఏవండీ, రేపు కోత పెట్టించమంటారా, ఆపమంటారా?” అని అడిగినప్పుడు, అతని గొంతులోని దైన్యమును విన్న పరిశీలకునకు, వాన వెలిసిపోవునని చెప్పవలెనను ఆశ కలుగుట సహజము. పటములో రెండు మార్గములు కనబడుచున్నప్పుడు, ఒకటి సముద్రములోనే బలహీనపడునదియు మఱియొకటి తీరమును తాకునదియు అయి యున్నప్పుడు, దయగలవాని కన్ను మొదటిదాని మీదనే నిలుచును. ఆ దయ వలన రైతు కోత పెట్టించును. మూడవనాటికి పనలు నీటిలో తేలును, గింజ రంగు మాఱును, మొలకెత్తును. తేమ 17 శాతము మించిన ధాన్యమును కొనుగోలు కేంద్రము నియమము ప్రకారము త్రోసిపుచ్చును. ఎకరము నేలపై 100 మిల్లీమీటర్ల వాన కురిసెనన్న నాలుగు లక్షల లీటర్లకు పైగా నీరు పడినదని అర్థము. అంత నీటి ముందు ఓదార్పుమాటకు విలువ ఎంత? ఉల్లాసముతో హెచ్చించి చెప్పినవాని మాట వలనను ఇట్టి కీడే కలుగును: పచ్చిగా నున్న చేనిని రెట్టింపు కూలి యిచ్చి కోయించిన రైతు, వాన రాకపోగా, మఱుసటి యేడు నిజముగా వచ్చు తుపానును గూర్చి చెప్పినను నమ్మడు. కావున కోరిక చెడ్డదైనను మంచిదైనను కొలతలో దానికి చోటులేదు. రాగము సత్త్వగుణముతో కూడినదైనను రాగమే యని పెద్దలు చెప్పుదురు గదా. వర్షమాపకము ముందు నిలిచినవానికి ఆ మాట అక్షరాల అనుభవమునకు వచ్చును.

ఇట్లయినచో పరిశీలకుడు శిలవలె నుండవలెనా? అట్లు తలచుటకు మన వేదాంతములోనే ఆధారము దొరకునని తోచును. శీతోష్ణములు వచ్చిపోవునవి, అనిత్యములు, వానిని సహింపుమని భగవద్గీత రెండవ అధ్యాయమున ఉపదేశమున్నది. సహింపవలసిన దానిని కొలుచుట యెందులకు, వచ్చిపోవు దానికి పట్టిక యెందులకు అని ఒక సాధకుడు ప్రశ్నింపవచ్చును. ఆ ఉపదేశము ఎవరిని ఉద్దేశించినదో గుర్తుంచుకొన్నచో ఈ ప్రశ్న నిలువదు. తితిక్ష ఎవనికి వాడు పెట్టుకొనవలసిన నియమము. ఇతరుల వణకును చూచి వారికి విధింపదగిన నియమము కాదు. మేడలో శాలువ కప్పుకొని కూర్చున్నవాడు పూరిపాకలోని ముదుసలికి శీతోష్ణముల అనిత్యత్వమును బోధించుట వేదాంతము కాదు, నిర్దయ. గొఱ్ఱెకు ఆ బోధ అసలే వినబడదు. తన చలిని తాను ఓర్చుకొనుట, ఎదుటివాని చలిని తెలిసికొని చెప్పుట, ఈ రెండును ఒకే మనుష్యునియందు ఉండదగినవి.

ఎదుటివాని చలిని తెలిసికొనుటకు అంకె యొక్కటియే చాలదను విషయమును కూడ ఈ చలివానయే నేర్పును. శీతలవాయువులు వీచుచున్నవని వాతావరణ శాఖ ప్రకటించుటకు మైదానములలో కనిష్ఠ ఉష్ణోగ్రత 10 డిగ్రీలకో అంతకు దిగువకో పడవలెను. తీరప్రాంతమునకు ఆ హద్దు 15 డిగ్రీలు. మఱియు మామూలుకంటె తగ్గుదల కూడ తగినంత ఉండవలెను. కాని ముసురు పట్టిన రాత్రి దట్టమైన మబ్బు నేలలోని వేడిమిని ఆకసమునకు పోనీయదు గనుక కనిష్ఠము అంతగా పడదు. మఱి పగలు ఆ మబ్బే ఎండను అడ్డగించును గనుక గరిష్ఠము పైకి లేవదు. పగటికిని రాత్రికిని నడుమ నాలుగైదు డిగ్రీల భేదము కూడ లేక, పట్టిక ప్రకారము చలిగాలుల లక్షణమేదియు లేక, దినమంతయు ఒకే చల్లదనముతో గడచును. తడిసిన బట్టనుండియు తడిసిన ఉన్నినుండియు ఒక్కొక్క గ్రాము నీరు ఆవిరి యగుటకు సుమారు 580 కెలోరీల వేడిమిని ఒంటినుండియు చుట్టునున్న గాలినుండియు పీల్చుకొనును. దానికి తోడు గాలి వీచుచుండెనేని, 10 డిగ్రీల పొడిచలిలో బ్రతికి బయటపడు జీవి 18 డిగ్రీల తడిచలిలో ప్రాణము విడువవచ్చును. నిర్వచనమునకు లొంగని ఈ చలికి పట్టికలో గడి లేదు.

అందుచేతనే మంచి పరిశీలకుని పుస్తకమున అంకెల గడుల ప్రక్కన వ్యాఖ్యల గడి యొకటి ఉండును. గాలి వాయవ్యమునుండి వీచెను, ఉదయమునుండి సూర్యదర్శనము లేదు, తూర్పువీధిలో కల్లములు తడిసినవి, పశువులు మేత ముట్టలేదు అని అచట వ్రాసికొనును. కొలతలోనికి రానీయక ఆపిన కరుణకు స్థానము ఇదియే. చూచినదానిని చూచినట్లు, అనుమానించినదానిని అనుమానముగా, బాధపడినదానిని బాధగా, దేని గడిలో దానిని ఉంచినచో ఏదియు రెండవదానిని చెఱుపదు. వేదాంతులు చెప్పు సాక్షిభావమునకు లోకవ్యవహారమున ఇంతకంటె నిర్దుష్టమైన అభ్యాసము నాకు కనబడదు. సుఖదుఃఖములు లేకపోవుట అందులో లేదు, అవి చూపుతో కలియకుండుట మాత్రమే కలదు.

చూచినదానిని చెప్పుట కూడ ఈ ధర్మములోని భాగమే. హెన్రీ పిడింగ్టను అను ఆంగ్లేయుడు నౌకాజీవనము విడిచి కలకత్తాలో స్థిరపడి, వాతావరణము తన వృత్తి కాకపోయినను, ఓడల కప్తానుల దినచర్య పుస్తకములను సేకరించి బంగాళాఖాతపు తుపానులను గూర్చి ఏండ్ల తరబడి వ్రాసెను. 1789 డిసెంబరులో మన కోరంగిని సముద్రపు ఉప్పెన ముంచిన వృత్తాంతమును ఆయన నమోదు చేసెను. వంగదేశములోని మాతలా నదీముఖమున కొత్త రేవు కట్టదలచిన ప్రభుత్వమునకు 1853లో ఆయన లేఖ వ్రాసి, అచట తుపాను ఉప్పెన తప్పదని హెచ్చరించెను. ఆ మాటను లెక్కచేయక రేవు కట్టిరి. 1867 నాటి తుపానులో అది పాడైపోయెను. అప్పటికి పిడింగ్టను జీవించి లేడు. తన మాట నిజమగుటను చూచి గర్వపడు అవకాశము సయితము లేకుండ, వినువారు వినకున్నను చెప్పిపోయిన ఆయన ప్రవర్తనమున ఫలాపేక్ష లేని కర్మకు మంచి ఉదాహరణము కలదు.

ఇంతమాత్రమున ప్రార్థనకు పనిలేదని నేననను. ధనుర్మాసమున మన వైష్ణవాలయములలో వేకువజామున తిరుప్పావై వినబడును. దాని మూడవ పాశురము నెలకు మూడు వానలను కోరును, నాల్గవది వర్షదేవతను ఆహ్వానించును. కల్లములో ధాన్యము ఆరవలసిన మాసమున వానకై పాడుట విపరీతముగా తోచవచ్చును గాని, ఆ పాశురములు పాడిన గోదాదేవి కోరినది కీడు చేయని వానను, లోకము బ్రతుకుటకు కావలసిన వానను. కురియవలసినప్పుడు కురియుమనియు, కురియగూడనప్పుడు ఆగుమనియు వేడుకొనుట మనుష్యుని హక్కు. ఆ వేడుకోలు మనము ఏమి కోరుచున్నామో మనకు తెలుపును. కొలత ఏమి జరిగినదో తెలుపును. తాను కోరినదేదో తెలియనివాడే తన కోరికను తెలియకుండ అంకెలో కలుపును గావున, నిజమునకు ప్రార్థించువానికి కొలుచుట మఱింత సులభము కావలెను. కౌలురైతు అడిగినప్పుడు పరిశీలకుడు చెప్పవలసినది కూడ ఈ వివేకముతోనే చెప్పవలెను: ఇంతవఱకు తెలిసినది, ఇంతకు మించి తెలియదు, ఈ రెండు దారులలో ఇది ఎక్కువ సంభవము, నిర్ణయము మీది అని. గుడికి పోయి వాన వెలియవలెనని మ్రొక్కుకొనవచ్చును. ఇంటికి వచ్చి కురిసినంత వ్రాయవచ్చును. ఈ రెండును ఒక్కడే చేయుటలో విరోధమేమియు లేదు. విరోధమెల్ల మ్రొక్కును తెచ్చి పట్టికలో వ్రాయుటలోనే కలదు.